మాకు ఇచ్చిన రాయి

మా నిశ్చితార్థపు ఉంగరం కొన్నది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్ పై అంతస్తులో ఉన్న ఒంటి గదిలో. ఆ గదికి బోర్డు లేదు. మెట్లెక్కి బెల్ కొడితే కెమెరాలో చూసి తలుపు తీసేవారు. ఆ తలుపు వెనక ఇంకో తలుపు. మొదటిది మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని నిలబడ్డప్పుడు కింద షాపులోంచి కరివేపాకు వాసన వచ్చేది.

ఆ గది యజమానిని మా తెలుగు చర్చిలో అందరం అంకుల్ అనే పిలిచేవాళ్ళం. అరవై దాటిన మనిషి, గుంటూరు వైపు వారు, సంఘ పెద్దల్లో ఒకరు. ప్రభు బల్ల ఉన్న ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడిచేది ఆయనే. నాకు ఆయన అంతకంటే ఎక్కువ. నేను అమెరికా వచ్చిన రెండో ఏడు అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయితే, మూడు రోజులు హాస్పిటల్లో నా మంచం పక్క కుర్చీలో కూర్చున్నారు. నర్సు వచ్చి మీరేమవుతారని అడిగితే తండ్రినని చెప్పారు. ఆంటీ చేసి పంపిన జావ స్పూన్‌తో తాగించారు. అలాంటి మనిషిని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న నాకు పుట్టనే లేదు. పుట్టించింది నేను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి.

ఆమె షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగింది. తెలుగు బాగానే అర్థమవుతుంది గాని మాట్లాడితే మాటల చివర్లు ఊడిపోతాయి. లాస్ కొలీనాస్‌లో ఒక కంపెనీలో ఆడిటర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ కాగితాలు తనిఖీ చేయడమే పని. ఉంగరం సంగతి ఎత్తినప్పుడు ఆమె కోరింది ఒక్కటే. "పెద్దది వద్దు. చిన్నది ఓకే. బట్ నిజం ఉండాలి."

ముందు మాల్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి రాయి చూపించకముందే క్రెడిట్ కార్డు అప్లికేషన్ చూపించింది. బయటికి వచ్చాక నేనే అన్నాను, మన అంకుల్ ఉండగా మనకీ తిప్పలెందుకని.

అంకుల్ ఆ రోజు మూడు రాళ్ళు తెల్ల కాగితం మీద పెట్టారు. "వజ్రాన్ని తెల్ల కాగితం మీదే చూడాలి బాబూ. నల్ల గుడ్డ మీద పెడితే పటికబెల్లం ముక్క కూడా మెరుస్తుంది" అన్నారు. ఒక్కో రాయికీ ఒక్కో సర్టిఫికెట్. ఆ కాగితం మీద ఉన్న నంబరే రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటుందని, వెంట్రుక కంటే సన్నగా ఉంటుందని చెప్పి, చిన్న భూతద్దం నా చేతికిచ్చారు. నేను ఒక కన్ను మూసి చాలాసేపు చూశాను. వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు.

"కనిపిస్తోందా నాన్నా?"

"ఆఁ, కనిపిస్తోంది అంకుల్."

తర్వాత ఆమె చూసింది. ఏమీ అనకుండా భూతద్దం బల్ల మీద పెట్టేసింది. మధ్యలో ఉన్న రాయి నాకు నచ్చింది. అంకుల్ దాన్ని కాగితంలో మడిచి విడిగా పెట్టారు. మా ఇద్దరి చేతులూ పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"నీకు నంబర్ కనిపించిందా?"

"లేదు."

"మరి కనిపించింది అని ఎందుకు చెప్పావు?"

పెద్దాయన అంత ఓపిగ్గా చూపిస్తుంటే కనిపించలేదని ఎలా అంటామన్నాను.

"నువ్వు ఆయన్ని లవ్ చేస్తావు. ఐ నో. హాస్పిటల్ అంతా నాకు చెప్పావు. బట్ అది రాయి గురించి కాదు కదా? వేరే ఎవరితోనైనా టెస్ట్ చేయిద్దాం. అమ్మేవాళ్ళు కాకుండా, జస్ట్ టెస్ట్ చేసేవాళ్ళు ఉంటారు."

"ఆయన మనవాడు. ఆయన్ని అలా అడిగితే మొహమ్మీద ఉమ్మినట్టు ఉంటుంది."

"బయటవాళ్ళు అయితే అడుగుతావా?"

"అడుగుతాను."

"అయితే మనవాళ్ళు అంటే అడగకూడని వాళ్ళా?"

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఈ దేశంలో పుట్టినవాళ్ళకి మనుషుల విలువ తెలియదనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, అంతే. కానీ నాలుగు రోజులు ఆలోచించాక, ఆమె వేలికి ఆ ఉంగరం పెట్టిన ప్రతిసారీ ఈ ప్రశ్న మా మధ్య ఉంటుందని అర్థమైంది. అడగడానికే నిర్ణయించుకున్నాను.

శనివారం ఒక్కడినే వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాతావరణం గురించి, పాస్టర్‌గారి మోకాలి నొప్పి గురించి మాట్లాడాను. చివరికి తల దించుకుని చెప్పాను. "అంకుల్, మీ మీద అనుమానం కాదు. తనది ఇక్కడి పద్ధతి. రాయి ఒకసారి బయట టెస్ట్ చేయించి తెస్తాం."

ఆయన ఒక్క క్షణం నన్నే చూశారు. తర్వాత పెద్దగా నవ్వారు. "దానికి అంత మొహమాటమెందుకయ్యా? మంచిదే. చేయించుకో" అంటూ లేచి లోపలి గదిలోకి వెళ్ళారు. కాసేపటి తర్వాత వేరే కాగితం పొట్లం తెచ్చారు. "మొన్న మీరు చూసిన దాంట్లో లోపల చిన్న మచ్చ ఉంది. నీకు అది ఇవ్వడం నాకే మనసొప్పలేదు. ఇది నిన్ననే వచ్చింది, దానికంటే మంచిది. అదే ధరకి తీసుకో."

నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాను.

ఇద్దరం డాలస్ డౌన్‌టౌన్‌కి వెళ్ళాం. అక్కడ ఒక తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఆ రాయిని మైక్రోస్కోప్ కింద పెట్టి అరగంట చూసింది. ఆవిడ ఏమీ అమ్మదు, కొనదు. ఫీజు తీసుకుని పరీక్ష చేస్తుంది, అంతే. ఆ మైక్రోస్కోప్‌లో నాకు మొదటిసారి నంబర్ కనిపించింది, గాజు మీద చీమలు నడిచినట్టు. సర్టిఫికెట్‌తో కలిసింది. భూమిలోంచి తీసిన రాయేనని, మీకు చాలా తక్కువకి వచ్చిందని ఆవిడ చెప్పింది. బయటికి వచ్చాక నేను నా కాబోయే భార్య వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చూశావా అన్నట్టు చూశాను. ఆమె "గుడ్. ఐ యామ్ హ్యాపీ" అని మాత్రం అంది. ఉంగరం తయారయ్యాక తీసుకునే రోజు కూడా అదే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి నంబర్ మళ్ళీ చూపించుకుంది. అప్పుడు నేను కారులోనే కూర్చున్నాను.

నిశ్చితార్థం తర్వాత వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం మా దగ్గర అలవాటు. మైక్ పట్టుకుని ఆమె నాకు ఎలా పరిచయమైందో చెప్పాను, రెండు కుటుంబాలూ ఒప్పుకోవడం గురించి చెప్పాను. తర్వాత ఉంగరం మాట వచ్చింది. ముందు వరుసలో అంకుల్ కూర్చుని ఉన్నారు. ఆయన్ని అనుమానించామని అంతమందిలో చెప్పడానికి నోరు రాలేదు.

"అంకులే స్వయంగా, బాబూ, నా మాట నమ్మొద్దు, బయట పరీక్ష చేయించుకుని రా అని పంపించారు" అన్నాను. "పరీక్ష చేసినావిడ ఆశ్చర్యపోయింది. ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఉండటం మన సంఘానికి ఆశీర్వాదం."

అందరూ ఆమెన్ అన్నారు. అంకుల్ తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నారు.

కారులో ఆమె అడిగింది. "ఆయన పంపలేదు కదా? మనం అడిగాం."

"ఏదో ఒకటిలే. రాయి మంచిదే కదా."

ఆమె సీటు బెల్టు పెట్టుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళలో మా చర్చిలో పెళ్ళి కుదిరిన ప్రతి కుర్రాడూ ఆ మెట్లెక్కాడు. కొందరు ముందు నాకు ఫోన్ చేసేవాళ్ళు. కళ్ళు మూసుకుని వెళ్ళమని చెప్పేవాడిని. వాళ్ళలో నా పాత రూమ్మేట్ కూడా ఉన్నాడు. వరంగల్ అబ్బాయి. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. మూడేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. నేను ఆకలితో వస్తే రెండు నిమిషాల్లో పచ్చిపులుసు కలిపి పెట్టేవాడు. చర్చికి వాడిని మొదట తీసుకెళ్ళింది నేనే. వాడికి పెళ్ళి కుదిరినప్పుడు అంకుల్ గదికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. బయట టెస్ట్ చేయించాలా అన్నా అని వాడు అడిగాడు కూడా. "నేను చేయించాను కదరా, మళ్ళీ నీకెందుకు ఆ ఖర్చు" అన్నాను.

పోయిన ఏడాది ఎండాకాలం, ఆఫీసులో ఉండగా వాడి నుంచి ఫోన్ వచ్చింది. వాడి భార్య ఉంగరంలో రాయిని పట్టుకునే కొక్కెం ఒకటి వంగితే, ఇంటి దగ్గరని ఫ్రిస్కోలో ఒక షాపుకి వెళ్ళారట.

"అన్నా, వాళ్ళు మిషిన్ల వెట్టి చూసిండ్రు. దీని మీద నంబరే లేదంటున్నరు. ల్యాబ్‌ల పెంచిన రాయంట. ఫ్యాక్టరీ రాయంట అన్నా. సర్టిఫికెట్ వేరేదానిదంట." "నువ్వు జెర రా అన్నా. ఇద్దరం పోయి అడుగుదాం. నువ్వుంటే ఆయన మాట్లాడ్తడు."

ల్యాబ్‌లో పెంచినదీ వజ్రమే. మామూలు పరికరం పెడితే వజ్రమనే చూపిస్తుంది. కంటికి తేడా తెలియదు. ధరలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్ళాం. అంకుల్ టీ ఇచ్చారు. వాడు కళ్ళు తుడుచుకుంటూ ఉంగరం, కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఆయన ఉంగరం చేతిలోకి తీసుకోను కూడా లేదు.

"నా దగ్గర్నుంచి వెళ్ళింది అసలుదే. మధ్యలో ఎవరి చేతిలో మారిందో నాకేం తెలుస్తుంది నాన్నా? ఆ షాపువాళ్ళే మార్చారేమో."

"వాళ్ళు నా కండ్ల ముంగటనే చూసిండ్రు అంకుల్. లోపలికి తీస్కపోలే."

"కోపంలో ఉన్నావు. ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకో."

"అంకుల్, వీడికి ఇచ్చేటప్పుడు మైక్రోస్కోప్‌లో నంబర్ చూపించారా?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. హాస్పిటల్లో చూసిన ముఖమే. అదే నెమ్మదితనం.

"నీ రాయి బాగానే ఉంది కదా బాబూ?"

నేను నోరు మూసుకున్నాను. ఆ నిమిషంలో నాకు కలిగింది కోపం కాదు, భయం. అంతకు ఏడాది ముందు మా ఉంగరాన్ని క్లీనింగ్ కోసం ఆయన దగ్గర రెండు రోజులు వదిలాం. నా మనసంతా దాని మీదికే పోయింది. పక్కన ఏడుస్తున్న వాడి మీదికి పోలేదు. మెట్లు దిగుతుంటే వాడు అడిగాడు. "ఏందన్నా, ఏం మాట్లాడకపోతివి?" చూద్దాంలే అన్నాను.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి డౌన్‌టౌన్‌కి వెళ్ళాను. నా భార్య కూడా వచ్చింది. ఆ తెల్లజుట్టు ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఉంగరం తీసుకుని మైక్రోస్కోప్ మీద వంగింది. నేను గోడకి ఆనుకుని నిలబడి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. కాసేపటికి గాని ఏం కోరుకుంటున్నానో నాకు తెలియలేదు. అది నకిలీది కావాలని కోరుకుంటున్నాను. నకిలీదైతే నేను కూడా మోసపోయినవాళ్ళలో ఒకడిని. వాడి పక్కన కూర్చుని ఏడవచ్చు. అసలుదైతే నేను ఎవరిని?

ఆవిడ తలెత్తి నవ్వింది. రాయి అదే, నంబర్ అదే, కంగారు పడకండి అంది.

పార్కింగ్‌లో నా భార్య చాలాసేపు ఉంగరం వైపు చూసుకుంది. "మనం టెస్ట్ చేస్తాం అని చెప్పాం. అందుకే రియల్ ఇచ్చారు" అంది. తర్వాత మెల్లగా, "నువ్వు చర్చిలో అది మార్చి చెప్పావు" అంది.

నిందించినట్టు అనలేదు. లెక్క చూసి చెప్పినట్టు అంది.

సంగతి చర్చిలో పాకాక, ఒకరి తర్వాత ఒకరు ఉంగరాలు బయటికి తీసి పరీక్ష చేయించారు. రూమ్మేట్‌దీ కలిపి ఐదుగురివి తప్పుడు రాళ్ళని తేలింది. వాళ్ళలో ఎవరూ కొనేటప్పుడు పరీక్ష చేయించలేదు. పాస్టర్‌గారు అందరినీ పిలిచి, సంఘంలో విషయం సంఘంలోనే తేల్చుకుందాం, బయటికి వెళ్తే దేవుని పేరుకి మచ్చ అన్నారు. వాళ్ళు ఊరుకుంది ఆ మాటకి కాదు. ఇద్దరికి హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఒకరికి గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ దగ్గర పడింది. పోలీసులన్నా కోర్టులన్నా, తప్పు ఎవరిదైనా, మన పేరు ఎక్కడో ఒకచోట ఎక్కుతుందని భయం. రూమ్మేట్ ఒక్కడే కంప్లయింట్ ఇద్దామన్నాడు. సాక్షిగా నా పేరు రాస్తానన్నాడు. రాయమన్నాను. ఆ కాగితం పెట్టకముందే వాడి ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే దేశం వదలాలి. వజ్రం సంగతి అక్కడితో ఆగిపోయింది.

అంకుల్ ఆదివారాలు రావడం మానేశారు. గది ఖాళీ చేస్తున్నారని తెలిసి నేను ఒకరోజు వెళ్ళాను. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఆంటీ అట్టపెట్టెలకి టేప్ వేస్తున్నారు. నన్ను చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం కూర్చోమని కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"ఒక్కటి చెప్పండి అంకుల్. నాకెందుకు అసలుది ఇచ్చారు?"

"నీకు ఇచ్చేనాటికి నేను ఇంకా ఆ పని మొదలుపెట్టలేదయ్యా" అన్నారు. "తర్వాత షాపు దెబ్బతింది. అన్నీ చెప్పుకోలేను. నిన్ను మాత్రం కొడుకులా చూశాను. అది అబద్ధం కాదు."

ఆ మాట నమ్మి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో. కానీ ఆ ఐదు ఉంగరాల్లో ఒకటి మా చర్చిలో నర్సుగా పనిచేసే ఒక అక్కది. ఆమె కొన్నది మాకంటే నాలుగు నెలల ముందు. ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన టేప్ చుట్ట చేతిలోకి తీసుకుని దాని కొస వెతకడం మొదలుపెట్టారు. దొరకలేదు. గోటితో గీకుతూనే ఉన్నారు. నేను దిగి వచ్చేశాను.

హాస్పిటల్లో కూర్చున్న మనిషి ఆయనే. ఐదుగురి కష్టార్జితం తిన్న మనిషీ ఆయనే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమై ఉండాలని చాలా రోజులు పెనుగులాడాను. రెండూ నిజమే. ఆయన ఇప్పుడు వేరే రాష్ట్రంలో కూతురి దగ్గర ఉంటున్నారని విన్నాను.

నేను చేసిన తప్పు ఒకటి మిగిలి ఉంది. సాక్ష్యం చెప్పిన చోటే నిలబడి నిజం చెప్తానని పాస్టర్‌గారిని అడిగాను. "గాయం మానుతోంది బాబూ, ఇప్పుడు కెలకొద్దు" అన్నారు. నెల తర్వాత మళ్ళీ అడిగాను. సమయం వచ్చినప్పుడు చెప్తానన్నారు. ఆ సమయం రాలేదు. అందుకని మోసపోయినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అంకుల్ మమ్మల్ని పరీక్షకి పంపలేదని, మేమే అనుమానించి అడిగామని, ఆ సంగతి సిగ్గుపడి దాచానని చెప్పాను. నర్సు అక్క మాత్రం, "నేను నీకంటే ముందే కొన్నాను కదయ్యా, నా దాంట్లో నీ తప్పేముంది" అంది. మిగతావాళ్ళు సరే అన్నారు. ఒకరు ఇప్పుడెందుకు చెప్తున్నావని అడిగారు.

రూమ్మేట్‌కి ఫోన్‌లో చెప్పలేక ఇంటికే వెళ్ళాను. అప్పటికి వాడికి అట్లాంటాలో ఉద్యోగం దొరికింది. సామాను సర్దుకుంటున్నారు. వాడి భార్య నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె చేతికి ఉంగరం లేదు. నేను చెప్తున్నంతసేపూ వాడు నేల వైపే చూశాడు.

"అంటే నీకు డౌట్ వచ్చింది."

"తనకి వచ్చింది. తర్వాత నాకూ వచ్చింది."

"నీకు డౌట్ వచ్చింది. నన్ను మాత్రం కండ్లు మూస్కొని పొమ్మన్నవ్."

"రాయి మంచిదని తేలాక ఇంక అనుమానం..."

"నేనడిగిన అన్నా. టెస్ట్ చేయిద్దామా అని నిన్ను నోరు తెరిచి అడిగిన."

అవునన్నాను. వాడు లేచి వెళ్ళి ఒక పెట్టె ఎత్తుకుని గుమ్మం దగ్గర పెట్టాడు. నేను సాయం చేయబోతే, వద్దు, మేం చేసుకుంటాం అన్నాడు. అన్నా అనలేదు.

వాడు వెళ్ళి తొమ్మిది నెలలైంది. మేం అదే చర్చికి వెళ్తున్నాం. వెనక వరుసలో కూర్చుంటాం. చర్చిలోకి అడుగుపెట్టేముందు నా భార్య ఉంగరం తీసి పర్సులో వేసుకుంటుంది. ఎందుకని నేను అడగను. పోయిన నెల వాడికి కొడుకు పుట్టాడని వేరేవాళ్ళు చెబితే తెలిసింది. కంగ్రాట్స్ అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.